ఖాళీ కుర్చీ ఎవరిది?

(నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు, పక్కన కూర్చుని చదివించే అమ్మానాన్నలకు కూడా)

 

ఈ పాఠం పేరులో ‘ఖాళీ’, ‘కుర్చీ’ అని రెండు మాటలున్నాయి కదా! రెండూ మన ఇళ్ళల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా వినపడేవే. కానీ ఈ రెండూ అరబీ భాషలో పుట్టి, ఉర్దూ మీదుగా నడిచివచ్చి, తెలుగులో స్థిరపడిపోయిన మాటలు. బడిలో అరబీ టీచర్ ‘కుర్సీ’ అన్నప్పుడు మీలో కొందరు ముసిముసిగా నవ్వుకునే ఉంటారు. మనకి దక్షిణంగా, సౌదీ సరిహద్దు దాటాక, వందల మైళ్ళు పరచుకుని ఉన్న ఇసుక ఎడారి పేరు ‘రుబ్ అల్ ఖాలీ’. అంటే ‘ఖాళీగా ఉన్న నాలుగోవంతు’ అని అర్థం. అంచేత ఈ పాఠం పేరులో సగం మీ ఖతర్ స్నేహితులకి చెప్పినా అర్థమవుతుంది.

ఈ పాఠం రాయడానికి కారణం మా నాలుగో తరగతిలో జరిగిన ఒక గొడవ. అందులో తప్పు నాదే కనుక ముందు దాన్ని చెప్పేస్తాను.

సంవత్సరం మొదట్లో పిల్లలు చీటీలు వేసి ఒక అబ్బాయిని క్లాసు లీడరుగా ఎన్నుకున్నారు. జనవరిలో వాళ్ళ నాన్నగారికి ఉద్యోగం మారి కుటుంబమంతా ఇండియా వెళ్ళిపోయారు. మరుసటి శుక్రవారం నేను క్లాసుకి వస్తూనే, హాజరు పట్టీ తీయకముందే, ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయిని చూపించి “ఇకనుంచి నువ్వే లీడరువమ్మా” అన్నాను. చక్కటి దస్తూరి, ఒక్క క్లాసు మానదు, ఒత్తులు తప్పు రాయదు. నా ఉద్దేశంలో అంతకన్నా తగిన వాళ్ళు లేరు. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. “టీచర్, వాడిని మేము కదా ఎన్నుకున్నాం? మరి ఈమెని మీరు ఎలా పెడతారు?”

నా దగ్గర జవాబు లేదు. “వచ్చే వారం మాట్లాడుకుందాం” అని తప్పించుకున్నాను. ఆ వారమంతా చదివిందీ, గుర్తు తెచ్చుకున్నదీ కలిపితే ఈ పాఠమయింది.

ముందు మాట సంగతి చూద్దాం. మధ్యలో ఖాళీ అయిన స్థానానికి జరిపే ఎన్నికని తెలుగులో ‘ఉప ఎన్నిక’ అంటాం. ‘ఉప’ అంటే దగ్గరగా ఉన్నది, తోడుగా ఉన్నది, చిన్నది అని అర్థం. ఉపనది, ఉపగ్రహం, ఉపకథ, ఇవన్నీ మీకు తెలిసినవే. పెద్ద నదికి ఉపనది ఎలాగో, ఐదేళ్ళకోసారి వచ్చే సాధారణ ఎన్నికకి ఉప ఎన్నిక అలాగ. దీనికి ఎదురుగా నిలబడే మాట ‘నియామకం’. పై అధికారంలో ఉన్నవారు ఒకరిని పిలిచి ఫలానా పనిలో కూర్చోబెడితే అది నియామకం. నేను క్లాసులో చేసింది అదే.

ఎన్నికైన సభ్యుడు చనిపోవచ్చు, రాజీనామా చేయవచ్చు, రెండుచోట్ల గెలిచి ఒకటి వదులుకోవచ్చు, కోర్టు తీర్పుతో పదవి పోగొట్టుకోవచ్చు. కారణం ఏదైనా కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ కుర్చీని నింపడానికి దేశాలు ముఖ్యంగా మూడు దారులు పట్టాయి. జర్మనీ వంటి చోట పార్టీ ముందే ఇచ్చిన జాబితాలో తర్వాతి పేరుని పిలుస్తారు. కొన్నిచోట్ల పై అధికారి నియమిస్తారు. బ్రిటన్ లోనూ, వారి నుంచి ఆ పద్ధతి తీసుకున్న మన దేశంలోనూ మళ్ళీ ఓటర్ల దగ్గరికే వెళతారు.

అమెరికాలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడి ప్రతినిధుల సభలో సీటు ఖాళీ అయితే ఎన్నిక తప్ప వేరే దారి లేదు, రాజ్యాంగమే అలా చెప్పింది. సెనేట్ లో ఖాళీ అయితే మాత్రం చాలా రాష్ట్రాలలో గవర్నరు తాత్కాలికంగా ఒకరిని నియమించవచ్చు. 2008లో బరాక్ ఒబామా అధ్యక్షుడిగా గెలిచి సెనేట్ సీటు వదిలినప్పుడు, ఇల్లినాయిస్ గవర్నరు బ్లాగోయెవిచ్ దాన్ని భర్తీ చేయాలి. ఆయన ఆ సీటుని బేరం పెట్టాడని ఆరోపిస్తూ ఆ డిసెంబరులో అరెస్టు చేశారు. 2009 జనవరిలో ఆ రాష్ట్ర శాసనసభే ఆయన్ని పదవి నుంచి తొలగించింది. తర్వాత కోర్టు నేరం రుజువైందని జైలుకి పంపింది. నియామకమంటే ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు. కుర్చీ తాళంచెవి ఒక్కరి జేబులో ఉంటే ఏం జరగడానికి వీలుందో చెప్పడానికి ఈ కథ.

ఇక మన సంగతి.

మన ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 నాటిది. అందులో 1996లో 151ఎ అని ఒక సెక్షను చేర్చారు. శాసనసభలో గాని, లోక్ సభలో గాని సీటు ఖాళీ అయితే, అయిన రోజు నుంచి ఆరు నెలల లోపల ఉప ఎన్నిక జరిపి తీరాలని దాని సారాంశం. రెండు మినహాయింపులున్నాయి. మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువైతే అక్కర్లేదు. లేదా, ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి తేల్చి చెబితే ఆగవచ్చు. గెలిచినవారికి కొత్తగా ఐదేళ్ళు రావు, ముందున్నవారు వదిలిన కాలం మాత్రమే వస్తుంది. సగం తిన్న ప్లేటు చేతికొచ్చినట్టన్నమాట!

ఎన్నిక పద్ధతి మామూలుదే. నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్లకి ఏడు రోజులు, మరునాడు పరిశీలన, ఆ తర్వాత రెండు రోజుల్లో ఉపసంహరణ, అక్కడినుంచి ప్రచారానికి కనీసం పద్నాలుగు రోజులు. చదవడానికి ఇంతే. ఉప ఎన్నిక వచ్చిన ఊళ్ళో ఉంటే మాత్రం ఇదొక జాతరే. రాష్ట్రంలో ఉన్న మంత్రులందరూ ఆ ఒక్క నియోజకవర్గంలోనే మకాం వేస్తారు. గతుకుల రోడ్డుకి రాత్రికి రాత్రి తారు పడుతుంది. “మా ఊళ్ళో కూడా ఒక ఉప ఎన్నిక వస్తే బాగుండు” అని పక్క ఊరివాళ్ళు అనుకోవడం నేను చెవులారా విన్నాను.

ఈ ‘ఏడాది’ నిబంధన ఎంత పదునైనదో రెండు ఉదాహరణలు చెబుతాను.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ శాసనసభ్యులు సాయన్న గారు 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటి శాసనసభ గడువు 2024 జనవరితో తీరిపోతుంది. ఏడాది కంటే తక్కువే ఉంది కనుక ఉప ఎన్నిక రాలేదు. 2023 నవంబరు 30న సాధారణ ఎన్నికలు జరిగేదాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ ఎన్నికల్లో ఆయన కుమార్తె లాస్య నందిత గారు గెలిచారు. విచారకరమైన సంగతేమిటంటే, 2024 ఫిబ్రవరిలో ఆవిడ రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఈసారి దాదాపు ఐదేళ్ళ కాలం మిగిలి ఉంది. కనుక 2024 మే 13న, లోక్ సభ ఎన్నికలతో పాటే ఉప ఎన్నిక జరిగింది. ఒకే కుర్చీ, ఒకే కుటుంబం, ఏడాది తేడాలో రెండు ఖాళీలు. ఒకసారి ఎన్నిక లేదు, ఒకసారి ఉంది. ఆ ఉప ఎన్నికలో నందిత గారి సోదరి పోటీ చేశారు, కానీ ఓటర్లు కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేష్ గారిని గెలిపించారు.

రెండోది ఆంధ్ర వైపు. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్ లో వైఎస్సార్ కాంగ్రెస్ లోక్ సభ సభ్యులు ఐదుగురు రాజీనామాలు ఇచ్చారు. అవి ఆమోదం పొందేసరికి జూన్ వచ్చింది. ఆ లోక్ సభ గడువు 2019 జూన్ 3. జూన్ లో ఖాళీ అయ్యాయి కనుక ఏడాదికి కొద్ది రోజులు తక్కువయింది, ఉప ఎన్నిక లేదు. అదే సమయంలో కర్ణాటకలో మూడు లోక్ సభ సీట్లు మే నెలలో ఖాళీ అయ్యాయి. ఏడాదికి కొద్ది రోజులు ఎక్కువయింది. అక్కడ 2018 నవంబరులో ఉప ఎన్నికలు జరిగాయి. నెల రోజుల తేడా! తిరుపతి, రాజంపేట, కడప, నెల్లూరు, ఒంగోలు ఓటర్లకి దాదాపు ఏడాది పాటు లోక్ సభలో తమ తరఫున లేచి నిలబడే మనిషి లేరు. కువైట్ లోనూ మన దోహాలోనూ కడప, రాజంపేట వైపు వారు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అందులో కొందరికి ఈ సంగతే తెలియదు. నా మటుకు నాకు ఈ ఏడాది నిబంధన ఖర్చు ఆదా కోసం పెట్టినదిగా తోస్తుంది గాని, ఆ ఏడాదిలో వరదొస్తే, కరవొస్తే ఢిల్లీలో ఎవరు అడుగుతారు?

ఉప ఎన్నిక అనగానే పెద్దవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది నంద్యాల. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న మన పాములపర్తి వెంకట నరసింహారావు గారు ప్రధానమంత్రి అయ్యారు. ఆయన ఆ సాధారణ ఎన్నికల్లో పోటీయే చేయలేదు, పార్లమెంటు సభ్యుడు కారు. సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల లోపల ఏదో ఒక సభలో సభ్యుడు కావాలన్నది రాజ్యాంగ నియమం. గంగుల ప్రతాపరెడ్డి గారు తన నంద్యాల లోక్ సభ సీటుకి రాజీనామా చేసి ఖాళీ చేశారు. దక్షిణాది నుంచి, అందులోనూ తెలుగువాడు, మొదటిసారి ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. ఎంత బద్ధ విరోధులో గుర్తున్న పెద్దలకి ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. అయినా మిగతావారు పోటీలో నిలిచారు, ఎన్నిక ఎన్నికలాగే జరిగింది. 1991 నవంబరులో పి.వి. గారు సుమారు 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అదే మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ గారు అస్సాం నుంచి రాజ్యసభకి వెళ్ళారు. పి.వి. గారికి కూడా ఆ దారి తెరిచే ఉంది. ఆయన జనం దగ్గరికి వెళ్ళే దారి ఎంచుకున్నారు.

అన్ని ఉప ఎన్నికలూ ఇంత మర్యాదగా జరగవు. తెలంగాణ ఉద్యమ కాలంలో రాజీనామా చేసి మళ్ళీ పోటీ చేయడం ఒక పోరాట పద్ధతి అయింది. అంటే కుర్చీని కావాలని ఖాళీ చేసి, “మేము అడుగుతున్నది మీకూ కావాలా?” అని ప్రజలనే అడగడం. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్ సభ ఉప ఎన్నికలో కె. చంద్రశేఖరరావు గారికి 2 లక్షల పైచిలుకు ఆధిక్యం వచ్చింది. 2008లో తెరాస ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు రాజీనామా చేసి మళ్ళీ ఓటర్ల దగ్గరికి వెళితే, తిరిగి దక్కినవి 7 శాసనసభ స్థానాలు, 2 లోక్ సభ స్థానాలు మాత్రమే. కరీంనగర్ లోనే ఆధిక్యం 2 లక్షల నుంచి 15 వేల పైచిలుకుకి జారిపోయింది. 2010 జూలైలో 12 శాసనసభ స్థానాలకి ఉప ఎన్నికలు వస్తే తెరాస పోటీ చేసిన 11 చోట్లా గెలిచింది, నిజామాబాద్ అర్బన్ లో బీజేపీ గెలిచింది. అవే ఊళ్ళు, చాలామంది అవే ఓటర్లు. రెండేళ్ళ తేడాలో జవాబు తలకిందులయింది. పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ కుర్చీలని ఎవరో ఒక పెద్దమనిషి నియామకంతో నింపేసి ఉంటే 2008లో జనం ఏమనుకుంటున్నారో, 2010లో ఏమనుకుంటున్నారో తెలిసేదేనా?

ఈ పద్ధతిని ఆటగా మార్చినవారూ ఉన్నారు. 2022లో మునుగోడు ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాలరెడ్డి గారు కాంగ్రెస్ కీ, పదవికీ రాజీనామా చేసి బీజేపీ తరఫున నిలబడ్డారు. నవంబరులో జరిగిన ఆ ఉప ఎన్నికని దేశంలోనే అతి ఖరీదైన వాటిలో ఒకటని పత్రికలు రాశాయి. ఆయన పదివేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ కాంగ్రెస్ లో చేరి 2023 సాధారణ ఎన్నికల్లో అక్కడే గెలిచారు. మునుగోడు ఓటరు పదిహేను నెలల్లోపల ఒకే కుర్చీ కోసం రెండుసార్లు వేలికి సిరా పూయించుకున్నాడు. ఆ ఖర్చు, ఆ హడావిడి తలుచుకుంటే “ఇంతకన్నా ఎవరినో నియమించేస్తే పోయేది” అని విసుక్కునేవారి మాటలో కొంత నిజముందని నేనూ ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. సభ్యుడు చనిపోతే పార్టీలు తరచు ఆ ఇంటివారికే టిక్కెట్టు ఇస్తాయి. 2014 ఏప్రిల్ లో ఆళ్ళగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి గారు పోలింగుకి కొద్దిరోజుల ముందు ప్రమాదంలో మరణించారు. అయినా ఎన్నిక ఆగలేదు, ఆవిడ పేరు అలాగే ఉంది, ఓటర్లు ఆవిడనే గెలిపించారు. తర్వాత ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ గారు పోటీ లేకుండా ఎన్నికయ్యారు. 2021లో బద్వేలులో డాక్టర్ వెంకటసుబ్బయ్య గారు పోయాక ఆయన భార్య సుధ గారు గెలిచారు, తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఇది సంప్రదాయమా, మర్యాదా, లేక వేరే పేరుతో నియామకమేనా అని పెద్దలు ఇంట్లో వాదించుకోవచ్చు. పోటీయే లేనప్పుడు ఓటరుకి ఎంచుకునేందుకు ఏముంది అని నాకు అనిపిస్తుంది.

కానీ పోటీ ఉన్నప్పుడు ఓటరు ఎప్పుడూ తలూపడు. దుబ్బాక చూడండి. 2020 ఆగస్టులో సోలిపేట రామలింగారెడ్డి గారు మరణించారు. అధికారంలో ఉన్న తెరాస ఆయన భార్య సుజాత గారిని నిలబెట్టింది. నవంబరు 3న ఎన్నిక. బీజేపీ అభ్యర్థి రఘునందన్ రావు గారు వెయ్యికి కాస్త పైన ఓట్లతో గెలిచారు.

దుబ్బాక గురించి చెప్పేటప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. అది మా అత్తగారి ఊరి నియోజకవర్గం. విదేశాల్లో ఉన్న భారత పౌరులు పాస్ పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఓటరుగా నమోదు కావచ్చని 2010లో చట్టం మార్చారు, 2011 నుంచి అమలులోకి వచ్చింది. దానికి 6ఎ అనే ఫారం నింపాలి. మా ఇంట్లో ఇద్దరం నింపాం. కానీ ఓటు వేయాలంటే పాస్ పోర్టు పట్టుకుని ఆ పోలింగు కేంద్రానికే స్వయంగా వెళ్ళాలి. ఇక్కడినుంచి వేసే వీలు లేదు. అప్పుడు కోవిడ్ రోజులు, విమానాలు అంతంతమాత్రం, వెళితే తిరిగి రావడం నమ్మకం లేదు. మా రెండు ఓట్లూ దోహాలోనే ఉండిపోయాయి. వెయ్యి పైచిలుకు తేడా అని టీవీలో చూసినప్పుడు మావారు “మన మండలాల నుంచి గల్ఫ్ లో ఉన్నవాళ్ళనే లెక్కపెట్టినా అంతకన్నా ఎక్కువ వస్తారే” అన్నారు. ఎవరికి వేసేవాళ్ళో, ఏమయ్యేదో ఎవరికి తెలుసు! కుర్చీ మాది కూడా, నింపేటప్పుడు మేము అక్కడ లేము. సాధారణ ఎన్నికకైతే ముందే తెలుస్తుంది కనుక సెలవు పెట్టుకోవచ్చు. ఉప ఎన్నిక చెప్పి రాదు.

ఇంతవరకు చదివి నియామకమంటే చెడ్డదని అనుకుంటున్నారా? తొందరపడకండి. మన రాజ్యసభలో 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. సాహిత్యం, కళలు, విజ్ఞానం, సంఘసేవల్లో పేరున్నవారి కోసం ఆ స్థానాలు. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు 1997లో అలా వెళ్ళినవారే. ‘బాహుబలి’ కథ రాసిన విజయేంద్రప్రసాద్ గారు 2022లో వెళ్ళారు. వీళ్ళని జీపెక్కి ఊరూరా తిరిగి చేతులు జోడించి ఓట్లడగమంటే ఎంతమంది వస్తారు? అలాంటి స్థానం ఖాళీ అయితే దాన్ని నింపేది మళ్ళీ రాష్ట్రపతే. అక్కడ ఉప ఎన్నిక ఉండదు. మిగతా రాజ్యసభ స్థానాలకి ఎమ్మెల్యేలు ఓట్లు వేస్తారు కదా, అవి మధ్యలో ఖాళీ అయితే మళ్ళీ ఎమ్మెల్యేలే ఓట్లు వేస్తారు.

దీన్నిబట్టి సూత్రం మీకు పట్టుబడే ఉంటుంది: మొదట ఎవరు పంపారో, ఖాళీ అయితే వాళ్ళే మళ్ళీ పంపాలి.

ఈ సూత్రాన్ని ఎంతో స్పష్టంగా రాసినది ఎక్కడో కాదు, మనం ఉంటున్న ఖతర్ రాజ్యాంగంలోనే. ఇక్కడి శాసన మండలిని ‘మజ్లిస్ అష్షూరా’ అంటారు. షూరా అంటే సంప్రదించడం, పదిమందీ కూర్చుని ఆలోచన చెప్పడం. 1972లో ఏర్పడింది, అప్పటినుంచీ సభ్యులని అమీర్ గారే నియమించేవారు. 2003లో ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొందిన రాజ్యాంగం 45 మంది సభ్యుల మండలిని చెప్పింది. 30 మందిని పౌరులు రహస్య ఓటుతో ఎన్నుకోవాలి, 15 మందిని అమీర్ నియమించాలి. మధ్యలో ఖాళీ వస్తే? ఎన్నికైన సభ్యుడి స్థానమైతే, కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉంటే, రెండు నెలల లోపల మళ్ళీ ఎన్నిక. నియమితుడి స్థానమైతే మళ్ళీ నియామకం. ఇద్దరికీ మిగిలిన కాలమే. మన చట్టంలో ఆరు నెలలు, ఏడాది అని ఉన్నచోట ఇక్కడ రెండు నెలలు, ఆరు నెలలు అని రాశారు. ఆ రకంగా చూస్తే కాగితం మీద మనకన్నా త్వరగా నింపే పద్ధతి.

ఆ 30 స్థానాలకి మొదటి ఎన్నిక 2021 అక్టోబరు 2న జరిగింది. 63.5 శాతం మంది ఓట్లు వేశారు. ఆరోజు దోహా వీధుల్లో అభ్యర్థుల ఫోటోలు మీలో పెద్దపిల్లలకి గుర్తుండవచ్చు. మహిళలు పోటీ చేశారు గాని ఒక్కరూ గెలవలేదు. తర్వాత అమీర్ గారు నియమించిన 15 మందిలో ఇద్దరు మహిళలున్నారు. నియామకం వల్ల జరిగిన మంచికి ఇదొక ఉదాహరణగా చెప్పుకోవచ్చు. ఎవరు ఓటర్లు, ఎవరు కారు అన్న విషయంలో అప్పట్లో కొంత అసంతృప్తి కూడా వచ్చింది.

2024 అక్టోబరులో అమీర్ షేక్ తమీమ్ బిన్ హమద్ అల్ థానీ గారు షూరా సభలో మాట్లాడుతూ, కుటుంబాల మధ్య, తెగల మధ్య పోటీలు దేశ ఐక్యతకి మంచిది కాదన్న ఆలోచనతో పాత నియామక పద్ధతికి తిరిగి వెళ్ళాలని ప్రతిపాదించారు. నవంబరు 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 90.6 శాతం మంది అవునన్నారు. అంటే నియామకం కావాలా వద్దా అన్నదాన్ని కూడా ఓటు పెట్టే తేల్చారన్నమాట! ఇప్పుడు సభ్యులందరూ నియమితులే కనుక, ఖాళీ వస్తే నింపడమూ నియామకంతోనే. మునిసిపల్ వ్యవహారాలు చూసే సెంట్రల్ మునిసిపల్ కౌన్సిల్ వేరు. దాని 29 స్థానాలకి 1999 నుంచి ఎన్నికలు జరుగుతున్నాయి, 2023లో కూడా జరిగాయి. మనం ఈ దేశానికి అన్నం పెట్టే చేతిగా వచ్చామా, అన్నం తినడానికి వచ్చామా అని వాదించుకోవచ్చు గాని, ఏదేమైనా మనం అతిథులం. వాళ్ళింటి పద్ధతి వాళ్ళు నిర్ణయించుకుంటారు. తెలుసుకుని ఉండడం మాత్రం మన మర్యాద.

ఇక మా క్లాసుకి వస్తాను. సూత్రం తెలిశాక చేయవలసిందేమిటో తెలిసిపోయింది గాని, చేయడం సులువు కాలేదు. తర్వాతి శుక్రవారం పిల్లలకి “నేను తొందరపడ్డాను, మళ్ళీ చీటీలు వేద్దాం” అని చెప్పాను. ఖర్జూరాల డబ్బా మూతకి చీలిక కోసి ఓట్ల పెట్టె చేశాం. నేను నియమించిన అమ్మాయి, ఆ ప్రశ్న అడిగిన అబ్బాయి, ఇంకో అమ్మాయి నిలబడ్డారు. పదహారు మంది ఓట్లు వేశారు. ఒక చీటీలో మూడు పేర్లూ రాసి ఉన్నాయి, అది చెల్లలేదు. ప్రశ్న అడిగిన అబ్బాయి గెలవలేదు. నేను నియమించిన అమ్మాయి రెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. గెలిచింది మూడో అమ్మాయి. ఆమె దస్తూరి చూస్తే కోడి కెలికినట్టుంటుంది గాని, ఆటల పీరియడులో అందరినీ కలుపుకుంటుందట. ఆ సంగతి పిల్లలకి తెలుసు, నాకు తెలియదు.

ఆ రాత్రి ఓడిపోయిన అమ్మాయి వాళ్ళమ్మ ఫోను చేశారు. “మేడమ్ గారూ, మీరే ఇచ్చి మీరే తీసుకుంటే పిల్ల మనసు ఏమవుతుందండీ? భోజనం కూడా చేయలేదు” అన్నారు. ఆవిడ కోపం న్యాయమే. మొదటి రోజే చీటీలు వేయించి ఉంటే ఆ పాప గెలిచేదో ఓడేదో గాని, అందరి ముందూ పదవి ఇచ్చి దింపినట్టయ్యేది కాదు. “క్షమించండమ్మా” అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు. ఆ పాప రెండు వారాలు నాతో ముభావంగా ఉంది. మూడో వారం ఒత్తుల పరీక్షలో ఇరవైకి ఇరవై తెచ్చుకుని, కాగితం చూపించడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది.

ఇంటి పని: ఈ వారాంతం అమ్మానాన్నలని అడిగి రాసుకు రండి. మీ ఊరు ఏ శాసనసభ నియోజకవర్గంలో, ఏ లోక్ సభ నియోజకవర్గంలో ఉంది? అక్కడ ఎప్పుడైనా ఉప ఎన్నిక జరిగిందా? జరిగితే కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, ఎన్ని నెలలు ఖాళీగా ఉంది? తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, ఆ ఎన్నికలో ఊరు ఎలా ఉండేదో అడగండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఐదు వాక్యాల్లో రాయండి. పెద్దలకి కూడా ఒక ఇంటి పని ఉంది. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకుని, లేకపోతే 6ఎ ఫారం ఎలా నింపాలో పిల్లల చేత చదివించుకోండి. తెలుగులో చదవడం వాళ్ళకి ఇప్పుడు బాగానే వచ్చింది.